నౌకాధిపతి కటారి రామదాసుగారు

కొన్నాళ్ల క్రిందట నేనొక గ్రామ గ్రంథాలయమున మన దేశపు సైన్యముల చరిత్రను గూర్చి ముచ్చటించుచుండగా ముందు వరుసలో కూర్చున్న వృద్ధరైతు ఒకరు లేచి నన్నొక ప్రశ్న వేసిరి. “అయ్యా, స్వరాజ్యము మనకు 1947లో వచ్చినది గదా. భూసైన్యమునకు 1949లోనే మనవాడు పెద్ద అయినాడని తమరు చెప్పితిరి. మఱి ఓడల సైన్యమునకు 1958 వఱకు తెల్లదొరలే పెద్దలుగా ఉండిరనుచున్నారు. అన్నేండ్లు మనలో ఆ పాటివాడు ఒక్కడును లేకపోయెనా?” అని అడిగిరి. సభలో కొందఱు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. ఆ ప్రశ్నలో ఒక నొప్పి యున్నది. అప్పుడు నేను చెప్పిన సమాధానము నాకే తృప్తి కలిగింపలేదు. ఈనాటి నా ప్రసంగము ఆ పెద్దకు నేను బాకీపడిన సమాధానమని భావింపుడు.

1958వ సంవత్సరము ఏప్రిల్ 22వ తేదీన భారత నౌకాదళమునకు ప్రధానాధిపతిగా మొట్టమొదటిసారి ఒక భారతీయుడు నియుక్తుడయ్యెను. ఆయన పేరు రామదాసు, ఇంటిపేరు కటారి. కటారి యనగా ఏమో మీకు నేను చెప్పనక్కఱలేదు. మొలలో దోపుకొను బాకు. ఇంటిపేరులో ఆయుధమున్నను, ఆయన యుద్ధాయుధములను చేపట్టుటకు ముందు చాలకాలము నీటిలోతు కొలిచెడి త్రాటిని పట్టెను. ఆయన చరిత్రలో నన్ను ఎక్కువగా ఆకర్షించిన విషయమిదియే.

కటారి రామదాసుగారు 1911 అక్టోబరు 8వ తేదీన, నాటి మద్రాసు రాజధానిలోని చెంగల్పట్టున జన్మించిరి. చదువు సికిందరాబాదులోని మహబూబు కళాశాల ఉన్నత పాఠశాలలోను, హైదరాబాదులోని నిజాము కళాశాలలోను జరిగెను. ఆ మహబూబు కళాశాలకు ఒక విశేషము కలదు. 1893 ఫిబ్రవరిలో స్వామి వివేకానందులు అక్కడనే నిలిచి, తాము పశ్చిమ దేశములకు పోదలచిన కారణమును ప్రసంగించిరి. ఆ సంవత్సరమే మే నెలాఖరున బొంబాయి రేవులో ఓడ యెక్కిరి. సముద్రమును దాటినవాడు కులమునకు వెలియగునని మన పెద్దలు భయపడుచుండిన కాలమది. ఆ పాఠశాలలో చదివిన బాలుడొకడు ముప్పదియైదేండ్లు గడవకమునుపే సముద్రమునే వృత్తిగా ఎన్నుకొనెను. అతడు పెరిగిన చోట పెద్ద నీరు అనగా హుస్సేనుసాగరము చెఱువే. ఉప్పు గాలి ఎట్లుండునో ఆ దక్కను పీఠభూమి యెఱుగదు.

ఇచ్చట ఒక మాట చెప్పవలెను. సముద్రము మన జాతికి క్రొత్తది కాదు. శాతవాహన చక్రవర్తి యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై ఓడబొమ్మ యున్నది. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించి, గాలివానకు చిక్కి ఒడ్డునబడిన ఓడల సరకును రాజులు కాజేయు దురాచారమును మాన్పించెను. గోదావరి ముఖమున కోరంగి రేవులో ఓడలు కట్టెడి వడ్రంగులు వంశపారంపర్యముగ నుండిరి. 1839 నవంబరునందలి ఉప్పెన ఆ రేవును మ్రింగివేసెను. కాని మన నావికవిద్యను మ్రింగినది ఉప్పెన యొక్కటియే కాదు. విదేశపు పొగయోడలు వచ్చి సరకు రవాణాను తమ చేతిలోనికి తీసికొన్నవి. ఆ పొగయోడలలో మనవారు కళాసులుగా ఉండిరి, బొగ్గు వేసిరి, వంట చేసిరి. సరంగులై కళాసులను నడిపిరి. కాని ఓడను నడపు కప్తాను పదవి మాత్రము మనవారికి అందరానిదై యుండెను. చేతులు మనవి, చుక్కాని పరులది.

ఈ దుఃస్థితి తొలగవలెనని దేశమున కోరిక పుట్టెను. 1919 ఏప్రిల్ 5వ తేదీన సింధియా కంపెనీవారి లాయల్టీ యను ఓడ బొంబాయినుండి లండనుకు బయలుదేరెను. భారతీయుల సొంత సొమ్ముతో కొన్న ఆ ఓడ పోవుట ఒక పండుగయే. నేటికిని ఆ దినమును జాతీయ నావికదినముగా జరుపుకొనుచున్నాము. అయితే ఓడ మనదైనంత మాత్రమున దానిని నడిపించు విద్య మనదగునా? శాసనసభలో పట్టుదలతో అడుగగా అడుగగా ఒక విచారణ సంఘము ఏర్పడెను. ఆ సంఘము భారతీయ బాలురకు ఒక శిక్షణనౌక కావలెనని చెప్పెను. తుదకు 1927లో డఫరిన్ అను పాత సైనిక రవాణా నౌకను బొంబాయి మజగాంవ్ రేవులో లంగరు వేసి బడిగా మార్చిరి. ఆ యేడు డిసెంబరులో చేరిన మొదటి తరగతి బాలురలో, పదునాఱేండ్ల కటారి రామదాసు ఒకడు. ఆ శిక్షణలో ప్రథముడై రాజప్రతినిధి బంగారు పతకమును పొందెను.

డఫరిన్ నౌక వర్తకపు ఓడల కొఱకు ఏర్పడిన బడి. యుద్ధనౌకల తలుపు అప్పటికింకను సందుమాత్రమే తెఱచుకొన్నది. నాటి నౌకాసేనలో అధికారిగా చేరిన మొదటి భారతీయుడు ధీరేంద్రనాథ ముఖర్జీ. ఆయనకు 1928లో గాని ఆ పదవి లభింపలేదు. అదియును యంత్రముల శాఖలో. ఆ తరువాత నయినను ఏటికి చేతివ్రేళ్లతో లెక్కింపదగినంతమంది భారతీయులు మాత్రమే అధికారులుగా తీసికొనబడిరి. ఈ సంవత్సరములను మీరు మనసులో నుంచుకొనుడు. నా సమాధానమంతయు వీనిపైననే ఆధారపడి యున్నది.

శిక్షణ ముగిసిన తరువాత రామదాసుగారు కొంతకాలమునకు కలకత్తా రేవు అధికారుల క్రింద హుగ్లీనదిని కొలిచెడి ఉద్యోగములో చేరిరి. ఈ పని యెట్టిదో గోదావరి లంకలలోని పెద్దలకు సులభముగ బోధపడును. ఒక వరదకు ఇచ్చట నున్న ఇసుకదిబ్బ మఱియొక వరదకు అచ్చట తేలును. నిన్న పడవ పోయిన దారి నేడు మోకాలిలోతు. కలకత్తా నగరము సముద్రమునకు సుమారు 80 మైళ్లు లోపలనున్నది. ఆ దూరమంతయు పెద్ద ఓడలు నదిలోననే ప్రయాణము చేయవలెను. 1694లో రాయల్ జేమ్స్ అండ్ మేరీ యను ఓడ ఆ నదిలో ఒక ఇసుకతిన్నెకు తగిలి మునిగిపోగా, ఆ తిన్నెకు ఆ ఓడ పేరే స్థిరపడినది. అట్టి నదిలో కొలతగాడు చిన్న మరపడవపై తిరుగుచు సీసపుగుండు కట్టిన త్రాటిని నీటిలో విడిచి లోతు చూచును. అదే క్షణమున ఒడ్డుననున్న గుఱుతులకు కోణములు తీసి తానెక్కడనున్నాడో నిర్ణయించి, ఆ లోతును పటములో వ్రాయును. అతడు వ్రాసిన అంకెను నమ్మి వేలాది టన్నుల ఓడ ఆ దారిన వచ్చును. అంకె తప్పినచో ఓడ పోవును, ప్రాణములు పోవును.

ఈ పనిలో చప్పట్లు లేవు. ఇట్టి పనులు చేసినవారి పేర్లు లోకమెఱుగదు. కాని అధికారమునకు తగిన మనుష్యుడు తయారగునది ఇట్టిచోటనే యని నా విశ్వాసము. నేడు కొలిచినది రేపు మరల కొలువవలెను. నిన్నటి పటము నిన్నటిదేయని తెలిసికొనవలెను. తనకు నిశ్చయముగ తెలియని లోతును తెలిసినట్లు వ్రాయరాదు. ఈ మూడు గుణములు అలవడినవానికి ఏ పెద్దపనిని అప్పగించినను భయపడనక్కఱలేదు.

1939లో రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. సముద్రము తెలిసినవారి నందఱిని నౌకాదళము పిలిచెను. రామదాసుగారు ముందు రిజర్వు బలగములో అధికారిగా చేరి, యుద్ధము నడుచుచుండగనే స్థిరమైన నౌకాసేవలోనికి తీసికొనబడిరి. జలాంతర్గాములతో పోరాడు విద్యయందు ఆయన విశేషశిక్షణ పొందిరి. నీటి అడుగున కంటికి కనబడక దాగిన శత్రునౌకను కనుగొనుట ఎట్లు? నిండుబావిలోనికి వంగి మనము కేకవేసినచో ఆ కేక తిరిగి వినవచ్చునుగదా. అదేవిధముగ ఓడ అడుగునుండి ఒక ధ్వనిని నీటిలోనికి పంపుదురు. ఆ ధ్వని గట్టివస్తువునకు తగిలి ప్రతిధ్వనియై వచ్చును. సముద్రపు నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్లు పోవును. రెండు సెకన్లలో ప్రతిధ్వని వచ్చెనేని పోవుటకొక సెకను, వచ్చుటకొక సెకను; కనుక శత్రువు 1500 మీటర్ల దూరమున నున్నాడన్నమాట. అయితే ఆ ప్రతిధ్వని జలాంతర్గామిదో, పెద్ద చేపల గుంపుదో, అడుగునగల రాతిదో వినువాడు తేల్చుకొనవలెను. నదిలో త్రాటితో లోతు చూచిన చేయి ఇప్పుడు చెవితో లోతు చూడ నేర్చినది.

ఆ యుద్ధము మనకు దూరపుది కాదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసినవి. ఆ దినములలోనే బంగాళాఖాతమున ఇరువదికి పైగా వర్తకనౌకలు మునిగినవి. తీరమున నిలిచి చూచుటకంటె మనవారు చేయగలిగినది లేకపోయెను. సముద్రమునకు కాపలా లేని దేశము, దొడ్డిగోడ లేని యిల్లు వంటిదని ఆ వేసవిలో తీరవాసులకు ఎవరును బోధింపనక్కఱలేక పోయినది.

యుద్ధము ముగిసిన వెంటనే 1946 ఫిబ్రవరి 18వ తేదీన బొంబాయిలోని తల్వార్ అను నౌకాశిక్షణ కేంద్రమున నావికులు పని మానిరి. చెడిన తిండి, అధికారుల దుర్భాషలు, జాతిభేదము, వీని నిక సహింపమనిరి. కొన్ని దినములలో ఆ అలజడి రేవునుండి రేవునకు, ఓడనుండి ఓడకు ప్రాకి దేశమును కదల్చినది. దాని రాజకీయమును నేను చర్చింపబోను. అందులో అధికారులైనవారు నేర్వదగిన పాఠము మాత్రము ఒకటి కలదు. ఓడలో పెద్దకును చిన్నకును ఒకటే చెక్క ఆధారము. క్రిందివాని కంచములో ఏమున్నదో చూడని పెద్ద, తుఫానువేళ వాని చేతిని నమ్ముకొనలేడు. ఇది ఇంటి యజమానికిని, మోతుబరి రైతుకును కూడ వర్తించును.

మఱుసటి యేడు స్వాతంత్ర్యము, దానితోబాటు విభజన వచ్చినవి. అన్నదమ్ములు పొలము పంచుకొన్నట్లు ఓడలను పంచుకొనవలసి వచ్చెను. సుమారు మూడింట రెండువంతులు మనకు, మిగిలినది పాకిస్తానుకు. స్లూపులను తరగతి యుద్ధనౌకలకు నాడు మన నదుల పేర్లుండెడివి. సట్లెజ్, జమున, కృష్ణ, కావేరి మనకు వచ్చినవి. గోదావరి యను నౌక పాకిస్తాను వంతునకు పోయి, అక్కడ సింధు అని పేరు మార్చుకొన్నది. నాసికములో పుట్టి మన కోనసీమను తడుపు నదిపేరు గల ఓడ పరదేశపుదగుట చూచిన తెలుగువాని మనసున ఎట్టి తలపు కలిగియుండునో ఊహించుకొనుడు. పంచుకొన్నది కట్టెయు ఇనుమును మాత్రమే కాదు. ఒకే బల్లపై భుజించిన అధికారులు, ఒకే త్రాటిని లాగిన నావికులు రెండు జెండాల క్రింద చీలిపోయిరి.

ఇక ఆ వృద్ధుని ప్రశ్నకు వత్తును. 1947నుండి 1958వఱకు మన నౌకాదళమునకు వరుసగా నలుగురు ఆంగ్లేయులు అధిపతులుగా నుండిరి: హాల్, ప్యారీ, పైజీ, కార్లిల్. భూసైన్యమునకు 1949 జనవరి 15వ తేదీన కరియప్పగారును, వైమానికదళమునకు 1954 ఏప్రిల్ 1వ తేదీన సుబ్రతో ముఖర్జీగారును అధిపతులైరి. అందఱికంటె వెనుకబడినది నౌకాదళము. కారణమేమి? లెక్క వేయుదము. కరియప్పగారు సైన్యములో అధికారిగా చేరినది 1919లో. అధిపతి యైనది 1949లో. సుమారు 30 ఏండ్లు. రామదాసుగారు డఫరిన్ నౌకలో అడుగిడినది 1927లో; అధిపతి యైనది 1958లో. అదియును సుమారు 30 ఏండ్లే. వైమానికదళమన్ననో 1932లోనే పుట్టిన చిన్నబిడ్డ. అందులో మొదటినుండి ఉన్నవాడే పెద్ద యయ్యెను. చూచితిరా? భూసైన్యమునకును నౌకాదళమునకును అధిపతి లభించుటలో తొమ్మిదేండ్ల యెడమున్నది. భారతీయులకు తలుపు తెఱచుటలోను ఇంచుమించుగ అంతే యెడమున్నది. 1947నాటికి మన నౌకాధికారులలో మిక్కిలి పాతవారికిని ఇరువదియేండ్ల సేవ నిండలేదు.

కనుక ఆ ఆలస్యము స్వరాజ్యము వచ్చిన తరువాత జరిగినది కాదు. స్వరాజ్యమునకు ముందు, తలుపు మూసియుంచిన కాలమున జరిగిన ఆలస్యమే తరువాత లెక్కకు వచ్చినది. విత్తనము వేయనీయని యేటి ఫలము, పొలము మనదైన యేడు లేకపోయినదని ఆశ్చర్యపడుట ఎందులకు? పాలకులు మారిన దినముననే ఒక లేఫ్టినెంటును పిలిచి, నీవే నౌకాధిపతివని పట్టము కట్టియుండవచ్చును. చూచుటకు గర్వముగ నుండెడిది. కాని నదిలోతు తెలియనివానికి చుక్కాని ఇచ్చినట్లయ్యెడిది. నాటి ప్రభుత్వము అట్లు చేయక, పరుని పనిలో నుంచుకొని మనవానిని తయారుచేసికొనెను. ఈ నిర్ణయమును ఆక్షేపించినవారు లేకపోలేదు. ఆ యాక్షేపణలో దేశాభిమానమున్నది. నేను దానిని తేలికగా చూడను. స్వతంత్రదేశపు నౌకలకు పరుడు పెద్దగా నుండుట ప్రతిదినమును గ్రుచ్చుకొను ముల్లే. అయినను ఆ ముల్లును ఓర్చుకొనుట వివేకమని నేను తలంచుచున్నాను.

ఆ ఆంగ్లేయులలో ప్యారీ యను నతని విషయమొకటి చెప్పెదను. 1939 డిసెంబరులో దక్షిణామెరికా తీరమున ప్లేటునది యెదుట జరిగిన ప్రసిద్ధమైన నౌకాయుద్ధములో అకిలీస్ అను క్రూజరుకు ఆయన కప్తాను. ఆ అకిలీస్‌నే 1948లో మనము కొని ఢిల్లీ యని పేరు పెట్టితిమి. ఆ యేడే ప్యారీ మన నౌకాదళాధిపతియై వచ్చెను. తాను యుద్ధము చేసిన ఓడయే తన క్రింద మఱియొక దేశపు ఓడయై వచ్చినది. డబ్బు చెల్లించి ఆ ఓడను కొంటిమి. ఆ కప్తానుయొక్క అనుభవమును మాత్రము కొనలేము, దగ్గఱనుండి నేర్చుకొనవలసినదే.

మనవారు అట్లే నేర్చుకొనిరి. 1956 అక్టోబరు 2వ తేదీన రామదాసుగారు రియర్ అడ్మిరల్ హోదాలో మన యుద్ధనౌకల సముదాయమునకు అధిపతియైరి. సముద్రముపై మన నౌకాసముదాయమును నడిపిన మొదటి భారతీయుడు ఆయనయే. ఏడాదిన్నర గడచిన పిమ్మట కార్లిల్ దొర సెలవు తీసికొని పోగా, వైస్ అడ్మిరల్ హోదాలో నౌకాదళ ప్రధానాధిపతి యైరి. నాటికి ఆయనకు 46 ఏండ్లు నిండియుండెను.

ఆయన అధికారమున నున్న నాలుగేండ్లలో మన నౌకాదళపు రూపు మాఱినది. ఇంగ్లండులో మనకొఱకై క్రొత్తగ కట్టిన ఫ్రిగేటులు వరుసగా వచ్చి చేరినవి. వానిలో కొన్నింటికి నదుల పేర్లు: బ్రహ్మపుత్ర, బియాస్, బేత్వా. కొన్నింటికి ఆయుధముల పేర్లు: ఖుక్రీ, కృపాణ్, కుఠార్, తల్వార్, త్రిశూల్. ఇన్ని ఆయుధముల నడుమ అధిపతి పేరు కటారి యగుట చూచి నాకు నవ్వు వచ్చును. 1960లో బొంబాయి మజగాంవ్, కలకత్తా గార్డెన్ రీచి నౌకానిర్మాణశాలలు ప్రభుత్వపరమైనవి. గార్డెన్ రీచిలో కట్టిన అజయ్ అను చిన్న యుద్ధనౌక 1961లో దళమున చేరెను. అది చిన్నదే, కాని స్వతంత్ర భారతమున కట్టుకొన్న మొదటి యుద్ధనౌక. అదే యేడు మార్చి 4వ తేదీన, ఐర్లండు ఉత్తరభాగమందలి బెల్‌ఫాస్టు రేవులో విక్రాంత్ అను విమానవాహక నౌకపై మన జెండా ఎగిరెను. నవంబరు 3వ తేదీన అది బొంబాయి చేరగా ప్రధానమంత్రి నెహ్రూగారు స్వాగతమిచ్చిరి. ఓడపైనుండి విమానములెగిరి మరల ఆ కదలుచున్న ఓడపైననే దిగుట మనవారికి నాడు క్రొత్తవిద్య.

ఆ తరువాత నెలన్నరకే పరీక్ష వచ్చినది. 451 ఏండ్లుగా పోర్చుగీసువారి చేతిలోనుండిన గోవాను విడిపించుటకు 1961 డిసెంబరు 18, 19 తేదీలలో మన మూడు దళములు కదలినవి. మార్మగోవా రేవులోనున్న పోర్చుగీసు యుద్ధనౌక అఫోన్సో డి అల్బుకర్క్‌ను బేత్వా, బియాస్ నౌకలు ఎదుర్కొని పోరు చాలింపజేసినవి. అంజదీవి యను చిన్న ద్వీపమున దిగిన మన నావికులు మాత్రము కష్టమునకు లోనైరి. తెల్లజెండా చూపిన పిమ్మట అచ్చటివారు తుపాకులు కాల్చిరి. మనవారు ఏడుగురు మరణించిరి. ద్వీపము చేజిక్కెను, కాని ఆ యేడుగురి యిండ్లలో ఆ పండుగ లేదు. విజయమును గూర్చి చెప్పునపుడు ఆ సంఖ్యను విడువరాదని నా మతము. పోరు ముగిసిన తరువాత, గాయపడి ఆసుపత్రిలోనున్న పోర్చుగీసు కప్తానును బేత్వా నౌక కప్తాను పోయి పరామర్శించి వచ్చిరి. శత్రువు ఆయుధము దించిన పిమ్మట అతడును సముద్రమును నమ్ముకొన్న తోటివాడే యను మర్యాదను మనవారు మఱవలేదు.

1962 జూన్ మొదటివారమున రామదాసుగారు పదవినుండి విరమించిరి. నాటికాయనకు ఏబదియేండ్లు. ఆ పిమ్మట ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థకు అధ్యక్షులైరి. సముద్రములపై యుద్ధనౌకలను నడిపించినవాడు మన పల్లెల మట్టిరోడ్లపై బస్సుల సంగతి చూచుట కొందఱికి చిన్నతనముగ తోచవచ్చును. నాకట్లు తోచదు. హుగ్లీలో లోతులు కొలిచినవానికి ఏ పని చిన్నది? పిమ్మట 1964నుండి 1969వఱకు బర్మా దేశమున మన రాయబారిగా నుండిరి. ఆ బర్మాకు వెనుకటి తరములవారు కోరంగి రేవునుండి కూలికి పోయిరి. అక్కడి తెలుగువారికి కోరంగీలను పేరు అందుననే వచ్చినది. 1964లో అచ్చటి ప్రభుత్వము దుకాణములను జాతీయము చేయగా వేలకొలది భారతీయులు ఉన్నదంతయు వదలి ఓడలెక్కి తిరిగివచ్చిరి. విశాఖపట్టణమున బర్మాక్యాంపు అను పేట ఆ కాందిశీకుల గుఱుతుగా నేటికిని ఉన్నది. ఓడ యనగా యుద్ధము మాత్రమే కాదు. ఒక జాతి పోకయు, రాకయు, కన్నీరును కూడ.

1982లో ఆయన ఆత్మకథ ఆంగ్లమున ప్రకటితమయ్యెను. 1983 జనవరిలో, తాను చదువుకొన్న సికిందరాబాదులోనే ఆయన కన్నుమూసిరి. ఆ సంవత్సరమే డిసెంబరు 10వ తేదీన, బొంబాయి మజగాంవ్‌లో మనవారే కట్టిన క్రొత్త క్షిపణి యుద్ధనౌక దళమున చేరెను. దాని పేరు గోదావరి. విభజనలో పోయిన పేరు 36 ఏండ్లకు, మన చేతి పనియై తిరిగివచ్చినది. ఒకప్పుడు పొగయోడలలో బొగ్గువేసిన జాతి యుద్ధనౌకను కట్టినది. ఆ ఓడ 2015 వఱకు సేవ చేసి విశ్రాంతి పొందెను.

ఇప్పుడు నా బాకీ తీర్చుకొందును. అయ్యా, మీరు అడిగిరి: మనలో ఆ పాటివాడు లేకపోయెనా అని. ఉండెను. ఆయనవంటివారు అంతకు ముందు తరములలోను ఉండియే యుందురు. వారికి బడి లేకపోయెను. 1927లో బడి తెఱచిన మొదటినాడే లోపల అడుగిడినవాడు, కాలము నిండినంతనే ఆ పీఠము నెక్కెను. ఒక్క యేడు వ్యర్థము చేయలేదు. మనలో మనుష్యులు కఱవైరని కాదు. మనుష్యులకు తలుపు కఱవైనది. మూసిన తలుపునకు చెల్లింపవలసిన వడ్డీ ఆనాడే తెలియదు, ముప్పదియేండ్లకు తెలియును.

పెద్దలైన మీతో నేను చెప్పదలచినది ఈ కడపటి మాటయే. ఆనాడు తలుపు మూసినవారు పరులు. నేడు మన యింటి తలుపులు మన చేతిలోనే యున్నవి. పల్లెలో ఒక బాలుడో, బాలికయో దూరపు విద్యకు పోయెదనని అడిగినపుడు, “మన వంశమున ఎవరైన ఓడ యెక్కిరా?” అని మనము అడ్డు చెప్పుదుము. చింతచెట్టు నాటువాడు దాని కాయను తాను తినుటకు నాటడు. నేడు మీరు ఔనన్న మాట ఏ ముప్పదియేండ్లకో ఫలించును. నేడు కాదన్న మాటయు అట్లే ముప్పదియేండ్లకు మన మనుమల లెక్కలో కొఱతయై కనబడును. చెఱువు తప్ప వేఱు నీరెఱుగని ఊరినుండి ఒక బాలుని సముద్రమునకు పోనిచ్చిన ఆ యింటి పెద్దలు ఎవరో గాని, వారికి నేను మనసులో నమస్కరించుచున్నాను.